చంద్రుడు దిగేవాళ్లు

మా యారక్క కృష్ణవేణమ్మకు పది పన్నెండు సినిమాల కథలు మొదటినుంచి చివరిదాకా నోటికి వచ్చు. ఎవరు ఎక్కడ ఏడ్చారు, విలన్ ఏ తలుపు చాటున నక్కాడు, పాట ఎక్కడ వస్తుంది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. కానీ ఒక్క సినిమా కూడా కంటితో చూసింది లేదు.

యారక్క అంటే నా భర్త అన్నకు భార్య. పుస్తకాల్లో తోడికోడలు అని రాస్తారు. ఇద్దరం కోయిలకుంట్ల పక్క పల్లెలో, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తట్టినవాళ్లం. సుబ్బరత్నమ్మకు నోరు పెద్దదని నాకు ఊళ్లో పేరు. ఉండనీ. మా అక్కకు కథలు చెప్పే నోరు ఉంది గానీ తన గోడు చెప్పుకునే నోరు లేదు. కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి. మధ్యలో నాకు కోపం వస్తే వస్తుంది, ఓర్చుకోండి.

అక్క పుట్టిల్లు ఆత్మకూరు. అయిదో తరగతి దాకా చదివింది. మా అత్తగారింట్లో అక్షరం ముక్క వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. నాకు నాలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. ఆమె భర్త, అంటే మా బావ ఓబులేసు, పత్తి బేరానికని వారం వారం నంద్యాల పోయేవాడు. వచ్చేటప్పుడు సినిమా హాలు ముందర అమ్మే వెండితెర నవల ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పడేసేవాడు. ఆడుతున్న సినిమా కథను నవల మాదిరి రాసి అచ్చేసిన పుస్తకాలవి. అట్ట మీద రంగుల్లో హీరోయిన్ మొహం, లోపల మసి పూసినట్టు నాలుగు ఫొటోలు.

“మనింటి ఆడోళ్లు పోయి హాల్లో కూసుంటే మా నాయన ఒప్పుకోడు మే. అయినా ఆడ ఉండేదంతా ఈడ రాసే ఉండాది. సినిమాకు పోయి నువ్వు కొత్తగా చూసేదేం లేదు” అనేవాడు.

ఆమె నమ్మింది. సినిమాలో ఉన్నది ఒక్క ముక్క వదలకుండా అచ్చులో ఉంటుందని నమ్మింది. మామ మాట మీద గౌరవం కొద్దీ ఇంకేమీ అడగలేదు. మా మామ నరసింహప్పకు డెబ్బై దాటాయి. వసారాలో నులక మంచం, పక్కన చెంబు, అదే ఆయన లోకం. ఆయన ఎవరినీ గదమాయించగా నేను వినలేదు. అయినా పెద్దాయన వద్దన్నాడంటే కాబోలు అనుకున్నాను. ఇంత నోరున్న నేనే అడగలేదు, ఆమె ఏం అడుగుతుంది?

మా వైపు వేరుశనగను బుడ్డలు అంటాం. ఎండాకాలంలో విత్తనానికి బుడ్డలు ఒలిచేటప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా మా వాకిట్లోనే చేరేవాళ్లు. కూలి ఎక్కడైనా ఒకటే, కృష్ణవేణమ్మ కథ ఇక్కడ మాత్రమే దొరుకుతుంది. ఆమె నడుమ కూర్చుని చదివేది, ఆమె వంతు బుడ్డలు మేము ఒలిచేవాళ్లం. ‘ఇచ్చట నాయిక పాడును’ అని రాసి కింద పాట వేసేవాళ్లు. పాట ఉంది, వరస ఎవరికి తెలుసు? అందుకని ప్రేమ పాటలన్నీ మంగళహారతి వరసలో పాడేది. ఏడుపు పాటలకు జోలపాట వరస. ఒకసారి విలన్ ఇంట్లో నాట్యకత్తె పాడే పాటను కూడా హారతి వరసలోనే ఎత్తుకుంటే, మా మామ మంచం మీద లేచి కూర్చుని కండ్లకు అద్దుకున్నాడు. మేము బుడ్డల గంపల మీద పడి పడి నవ్వాం.

రష్యావాళ్లు కుక్కను ఆకాశానికి పంపిన మరుసటి ఏడాది ‘జాబిలి ఓడ’ అనే సినిమా వచ్చింది. అరవంలో తీసి తెలుగు మాటలు అతికించారట. బావ పుస్తకం తెచ్చాడు. ఒక ముసలి శాస్త్రజ్ఞుడు చంద్రుడి మీదికి పోయే ఓడ కడతాడు. వద్దన్నా వినకుండా ఆయన కూతురు హేమ అందులో దాక్కుంటుంది. చంద్రుడి మీద నీళ్లు లేని రాజ్యం, దానికొక పొగరుబోతు రాణి, ఆ తర్వాత యుద్ధం. నీళ్లు లేని రాజ్యం అని చదవగానే మా ఆడవాళ్లు “ఇదేం కొత్త, మన ఊరే కదా” అన్నారు. మిగతా కథ అందరికీ నచ్చింది.

అక్క మాత్రం ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. ఓడ పైకి లేస్తుంది, హేమ అద్దాల కిటికీలోంచి కిందికి చూస్తుంది. ఊళ్లు, నదులు, కొండలు చిన్నవై చిన్నవై, చివరికి భూమి అంతా ఒక గింజంత అవుతుంది. ఆ పేజీ ఆమె ఎన్నిసార్లు చదివిందో నాకు తెలియదు. రొట్టె మాడుతున్నా చదువుతూనే ఉండేది.

“రాజులూ కోటలూ అడవులూ అన్నీ చదవతాంటే కండ్ల ముందరికి వస్తాయి సుబ్బరత్నా. ఇదొక్కటి రాలేదు” అంది ఒకరోజు. “ఈ ఊరూ, మన ఇల్లూ, ఈ పొయ్యీ, మనమూ అంతా కలిసి ఒక జొన్నగింజంత అయితే ఎట్లుంటాదో. అది చూడాలబ్బా నేను. అదొక్కటి చూస్తే చాలు.”

పెండ్లయి అన్నేండ్లలో ఆమె నోటినుంచి ‘నాకు కావాలి’ అనే మాట విన్నది అదే మొదలు. బావతో కూడా అదే చెప్పింది. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“సరే. పత్తి అమ్ముడుపోనీ. మా నాయనకు నేను నచ్చచెప్తా. మనిద్దరం నంద్యాల పోదాం. అంతవరకూ నేను గూడా ఆ సినిమా చూడను. మహానందీశ్వరుని మీద ఒట్టు, సరేనా?”

ఒట్టు తీసి గట్టు మీద పెట్టే మనిషి అని నాకు అప్పుడు తోచలేదు. అక్క మొహం చూసి నాకే సంతోషమైంది.

ఆ వారంలోనే రత్నమణి వచ్చింది. మా ఊరి మిషన్ బడిలో టీచరు ఆమె. చర్చి ఆడవాళ్లంతా బస్సులో నంద్యాల పోయి జాబిలి ఓడ చూసి వస్తున్నారట. “నువ్వూ రాక్కా, పెద్దాయనతో నేను మాట్లాడతా” అంది.

“వద్దు టీచరమ్మా. ఆయప్ప నాకోసరం చూడకుండా ఆగినాడు. నేను ముందు పోయి చూసేస్తే బాగుంటాదా?” అంది అక్క.

వాళ్లు పోయి చూసి వచ్చారు. వారం రోజులు చర్చి వీధిలో అదే మాట, అదే నవ్వు. రత్నమణి ఏదో చెప్పబోతే అక్క రెండు చెవులూ మూసుకుంది. “చెప్పొద్దు టీచరమ్మా! నేను చూసేదాక నీకు పుణ్యముంటాది, నోరు మెదపొద్దు.” పాపం ఆ పిల్ల నిజంగానే మెదపలేదు.

పత్తి అమ్ముడుపోయింది. బావ ఇదిగో పోదాం అదిగో పోదాం అంటూనే ఉన్నాడు. ఒకరోజు నంద్యాల నుంచి వచ్చి తలపాగా విప్పి కూలబడ్డాడు.

“పోయింది మే. సినిమా ఎత్తేసినారు. నాకూ రాసిపెట్టలేదు, నీకూ రాసిపెట్టలేదు.”

చేతికొచ్చింది పోవడం మా కర్నూలు జిల్లాకు కొత్త కాదు. రాజధానే వచ్చి మూడేండ్లకు లేచిపోయింది. ఎత్తేసిన సినిమా మళ్లీ ఎక్కడ తేలుతుందో చెప్పలేం. అక్క తన బాధ దిగమింగి ఆయన బాధ చూసింది. నాకోసం ఆగి ఆయన కూడా పోగొట్టుకున్నాడే అని తెగ నొచ్చుకుంది. మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఆయన్ను పడసాలలో కూర్చోబెట్టి, కథ మొత్తం తనే చెప్పింది. చదవడం కాదు, ఆడి చూపించింది. చేట ఎత్తి ఓడ లేపింది. గడపకు అటు భూమి, ఇటు చంద్రుడు. శాస్త్రజ్ఞుడి దగ్గు దగ్గింది, రాణి పొగరు నడక నడిచింది. ఆయన అన్నింటికీ ఊ కొట్టాడు. మధ్యలో ముందుకు వంగి, “అయ్యో, ఆ పిల్ల హేమ మళ్లా భూమికి వస్తాదా రాదా?” అని కూడా అడిగాడు.

“ఆత్రపడొద్దు, చెప్తా” అని ఆమె నవ్వింది. తలుచుకుంటే ఈరోజుకీ నాకు ఒళ్లు మండుతుంది.

ఎండలు ముదిరాయి. బుడ్డలు ఒలిచే రోజులు వచ్చాయి. ఆ పొద్దున వాకిలినిండా ఆడవాళ్లున్నారు. బడికి సెలవులు కదా, రత్నమణి కూడా వచ్చి ఒక గంప ముందరేసుకుని కూర్చుంది. వాకిలికి ఇంకో పక్కన బావ, చేలో కోత తర్వాత మిగిలిన జొన్నకొయ్యలు ఏరడానికి కూలి ఆడవాళ్లను ఎద్దులబండి ఎక్కిస్తున్నాడు. అందరూ వెనకనే కూర్చున్నారు. వెనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడలు పట్టేస్తాయి. ముందుకు జరగమంటే ఒక్కతీ జరగదు. బావకు హుషారు పుట్టింది. బండి చక్రం మీద కాలు పెట్టి, చెయ్యి పైకెత్తి, గొంతు మార్చి అరిచాడు.

“చంద్రుడు దిగేవాళ్లు ముందుకు రండి! రైట్... రైట్!”

బండిలో వాళ్లు ఏమీ అర్థం కాక నవ్వారు. రత్నమణి మాత్రం ఒళ్లో బుడ్డలన్నీ చెల్లాచెదురయ్యేలా విరగబడి నవ్వింది.

“అబ్బబ్బా, అన్నా! అచ్చం ఆ కండక్టరు మాదిరే అంటివి!”

“ఏ కండక్టరు?” అంది అక్క.

“అదేక్కా, జాబిలి ఓడలో కండక్టరు. బస్సు అనుకోని ఓడెక్కేస్తాడే, వాడు.”

“జాబిలి ఓడలో కండక్టరు లేడు.”

“ఉండాడక్కా...”

“లేడంటాంటే! ముసలాయన, హేమ, ఆ ఇంజినీరు, వాని తమ్ముడు, వంటాయన. ఎక్కినోళ్లు వీళ్లే. నాకు తెలీదా? కావాలంటే పుస్తకం తెస్తా, నువ్వే చూడు.” అక్క గొంతులో పట్టుదల. కథల దగ్గర ఆమెను కాదనే మనిషి మా ఊళ్లో అంతవరకూ పుట్టలేదు. “అసలు ఆ మాటే లేదు దాంట్లో. చంద్రుడు దిగేవాళ్లు అనే మాట యాడా లేదు.”

“పుస్తకంలో లేదేమోక్కా” అంది రత్నమణి మెల్లగా. “సినిమాలో ఉండాది. ఆ హాస్యగాడు మాటిమాటికీ అదే అంటాడు. హాలంతా దానికే నవ్వేది. పుస్తకం రాసినాయన ఒదిలేసినాడేమో.”

పుస్తకంలో లేని మాట. సినిమా చూసినవాళ్లకే తెలిసిన మాట. ఆమె తల తిప్పి బండి వైపు చూసింది. బావ చెయ్యి ఇంకా పైనే ఉంది, దించడం మరిచిపోయాడు.

“నీకెట్ల తెలుసు?” అని అడిగింది.

“ఏంది... అది... నంద్యాల బజార్లో ఎవరో అంటాంటే విన్యా.”

“గొంతు గూడా బజార్లోనే విన్యావా?” అని నేను అడిగేశాను. బావ ముందర అంత గట్టిగా నేను మాట్లాడింది అదే మొదలు. 

ఆయన కాలు చక్రం మీదనుంచి దింపాడు. “ఒక్కసారి పోయింటి. పత్తి సేటు పిలిస్తే కాదనలేక. ఇంకోతూరి ఊరికే... ఏమైతాది ఇప్పుడు? ఆమెను తీసకపోదామంటే మా నాయన ఒప్పుకోకపాయె, నేనేం చేసేది?”

వసారాలో నులక మంచం కిర్రుమంది.

“నన్నెవరడిగినార్రా?” అన్నాడు మా మామ. “ఓబులేసూ, నిన్నే. నేనెప్పుడు వద్దంటిని? ఆ పిల్ల చదవతాంటే ఓడ ఎట్ల లేస్తాదో చూడాలని నాకే ఉండె. అడిగింటే నేను గూడా వస్తుంటి కదా.”

అన్నేండ్లుగా ఆమెను గడపలో కట్టిపడేసిన ఆ మాట పెద్దాయన నోట ఎన్నడూ రానిదే. తీసుకుపోవడానికి ఈయనకు బద్ధకం, లేకపోతే పదిమందిలో నామోషీ. దానికి తండ్రి పేరు అడ్డం పెట్టుకున్నాడు. దేవుడి మీద ఒట్టు వేసినవాడికి తండ్రి ఒక లెక్కా!

అక్క అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆమె ఆయన్ను చూస్తూ ఒకే మాట అంది.

“నేను కథ చెప్తాంటే ఊ కొడితివి కదప్పా. హేమ వస్తాదా రాదా అని అడిగితివి కదా.”

లేచి లోపలికి పోయింది. బండి కదిలింది. రత్నమణి ఏడుస్తూ, “నా నోరు పడ, నేనెందుకు నవ్వితి” అంటూ కింద పడ్డ బుడ్డలు ఏరుకుంది. ఆ పిల్ల తప్పేముంది ఇందులో?

ఆ తర్వాత మా వాకిట్లో కథ లేదు. ఆడవాళ్లు అడిగితే గొంతు బాగాలేదనేది. బావ ఇంకో పుస్తకం తెచ్చాడు, ఇంకా పెద్దది. ఆమె పారేయలేదు, విసిరికొట్టలేదు. రెండు పేజీలు తిప్పి, “దీంట్లో ఎవర్ని ఒదిలేసినారో” అని నాకు ఇచ్చేసింది. అంతకుముందు పుస్తకం తెరిస్తే పొయ్యి కూడా గుర్తుండని మనిషి! మొగుడు మోసం చేశాడంటే, ఆడవాళ్లం, ఏదో సర్దుకుంటాం. పుస్తకం కూడా మోసం చేస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

నేను ఊరుకోలేదు. పొయ్యి దగ్గర గిన్నెలు ఎత్తెత్తి కుదేశాను. బావకు రొట్టె వేసేటప్పుడు కారం రెండింతలు వేశాను. అది పని చేసిందో, మా మామ రోజూ మంచం మీదనుంచి కొడుకును దెప్పడం పని చేసిందో తెలియదు. ఏరువాకకు ముందు ఒకరోజు బావ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ప్రొద్దుటూరుకు వచ్చిందంట! జాబిలి ఓడ! ఆదివారం మ్యాట్నీకి పోదాం. సుబ్బరత్నా, మీ అక్కను నువ్వే ఒప్పించు తల్లీ.”

అక్క రానంది. నేను రెండు రోజులు ఆమె వెంట పడ్డాను. “ఆయన కోసరం కాదక్కా. భూమి గింజంత అయ్యేది చూడాలంటివి కదా. ఆయన మీద కోపానికి అది ఒదులుకుంటావా?” అన్నాను. చివరికి ఆ మాటకే ఒప్పుకుంది. పెట్టె అడుగునుంచి నీలం చీర తీసి కట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని జమ్మలమడుగు దాటేదాకా బయటికే చూసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, “హేమ కిటికీ పెద్దదా చిన్నదా? పుస్తకంలో రాయలేదు” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ హాల్లో ఆడవాళ్లకు ఒక పక్క, మగవాళ్లకు ఒక పక్క. నడుమ నడుమెత్తు గోడ. బావ గోడ అవతలికి పోయాడు. దీపాలు ఆరగానే అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర మీద మనుషులు కదిలి మాట్లాడుతుంటే, వెనక్కి తిరిగి ఆ వెలుగు ఎక్కడినుంచి వస్తోందో చూసింది, మళ్లీ ముందుకు చూసింది. పాట వచ్చింది. మాటలు ఆమెకు వచ్చినవే, వరస మాత్రం ఎక్కడా హారతికి దగ్గర లేదు. “ఇట్లనా దీన్ని పాడేది!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నెలన్నర తర్వాత ఆమె నవ్వడం చూశాను. ఇంక ఫరవాలేదు అనుకున్నాను.

ముసలి శాస్త్రజ్ఞుడు ఓడ తలుపు తెరిచాడు. ఒక్కొక్కరే ఎక్కారు. హేమ కిటికీ దగ్గర దాక్కుంది. కిటికీ పెద్దదే. “ఇదే” అని అక్క నా చెవిలో గుసగుసలాడి బెంచీ అంచుకు జరిగింది. అప్పుడే చంకలో సంచీ వేసుకుని ఒక బక్క మనిషి, ఊరి బస్సు ఎక్కినట్టు ఓడ మెట్లెక్కాడు. ఈల తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకా ఏమీ అనలేదు.

గోడ అవతలినుంచి ఒక నవ్వు వినిపించింది. హాలు మొత్తంలో ఒకే ఒక్క నవ్వు, అందరికంటే ముందు. అది ఎవరిదో మా ఇద్దరికీ చెప్పనక్కర్లేదు. రాబోయే మాట తెలిసిన మనిషి, ఆగలేక, ముందే నవ్వేశాడు.

ఆ తర్వాత తెర మీద కండక్టరు చెయ్యెత్తి అరిచాడు. హాలంతా ఘొల్లుమంది. నా పక్కన ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. అక్క చెయ్యి నా మోచేతి మీదనుంచి జారింది. ఆమె లేచి నిలబడింది.

“పోదాం పా” అంది.

“యాడికక్కా? ఇప్పుడే లేస్తాది ఓడ! భూమిని చూడవా?”

“ఆయప్ప ముందే నవ్వినాడు సుబ్బరత్నా. ఇంక నేను చూసేదేముండాది?”

బెంచీల మధ్య కాళ్లు తప్పించుకుంటూ తలుపు వైపు నడిచింది. నేను వెనకే పోయాను. తలుపు దగ్గరికి చేరేసరికి వెనక ఓడ లేచిన మోత, జనం అబ్బా అనడం వినిపించాయి. నేను ఆగలేక తిరిగి చూశాను. ఆమె తిరగలేదు.